అంచు మీద రెప్పపాటు

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గోతుల్లో పడటమే ఆమె ఉద్యోగం. వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీలో, ప్రతి ఆటనూ విడుదలకు ముందే ఆడి తప్పులు పట్టుకునేది. ఆ ఏడాది ఆటలో గొడుగు పట్టుకున్న కప్ప ఒకటి గట్టు మీంచి గట్టు మీదికి గెంతుకుంటూ పోయేది. మూడో అంకంలో చెక్క వంతెన దాటగానే ఒక గొయ్యి. ఎంత చూసుకుని గెంతించినా కప్ప అందులోనే పడేది.

విడుదలకు ఇంకా మూడు వారాలుందనగా, మేనేజరును అడిగి ఆ ఆట నమూనా క్యాసెట్ ఇంటికి తీసుకెళ్లింది. ఇంట్లో ఉండేది అక్క ఒక్కతే. అమ్మ పోయాక సీసాల ఫ్యాక్టరీలో పనిచేసి చెల్లెల్ని పెంచింది ఆమే. ఇప్పుడు కీళ్లవాతం. వేళ్లు వంగవు, గుండీలు కూడా చెల్లెలే పెట్టాలి.

అక్క సరదాపడి ఆడింది. నలభైసార్లు పడింది.

“నేను సరిగ్గానే నొక్కుతున్నానే. ఈ కప్పే నా మాట వినడం లేదు,” అంది నవ్వుతూ.

చెల్లెలు తెర వదిలేసి అక్క బొటనవేలిని చూసింది. వేలు సమయానికే కదులుతోంది. బటన్ దాకా దిగేసరికి మాత్రం కప్ప అంచు దాటిపోతోంది.

సోమవారం ప్రోగ్రామరు దగ్గరికెళ్లి చెప్పింది. “అంచు దాటాక కూడా ఒక్క రెప్పపాటు గెంతనివ్వండి సార్.”

“ఆలస్యంగా నొక్కినవాళ్లు పడాలి కదమ్మా. ఆటంటేనే అది. ఎవరి కోసం మార్చమంటారు?”

“మా అక్క కోసం.”

ఆయన సాయంత్రానికి మార్చి, తనే కూర్చుని ఆడి చూశాడు. “విచిత్రంగా ఉందే. నా చెయ్యి కూడా బాగుపడింది,” అన్నాడు.

విడుదల రోజు దుకాణం ముందు జనం బారులు తీరారు. ఆమె సెలవు పెట్టి అక్కను వెంటబెట్టుకుని వెళ్లింది. లోపల ఆడి చూడ్డానికి పెట్టిన టీవీ దగ్గర అక్క వంతు వచ్చింది. వంతెన, గొయ్యి, గెంతు. కప్ప అవతలి గట్టు మీద నిలబడింది. వెనకున్నవాళ్లెవరో చప్పట్లు కొట్టారు.

“చూశావా, అలవాటు చేసేసుకున్నాను,” అంది అక్క.

“చెయ్యి తిరిగిందక్కా నీకు,” అంది చెల్లెలు. రెప్పపాటు సంగతి ఎత్తలేదు.

నాలుగు నెలలకు అక్క ఆట పూర్తిచేసింది. తెర మీద పనిచేసినవాళ్ల పేర్లు వరసగా పైకి పోయాయి. అక్క చివరిదాకా కన్నార్పకుండా చూసింది.

“నీ పేరేదే?”

“నాది చిన్న ఉద్యోగం అక్కా, వెయ్యరు.”

అక్క క్యాసెట్ బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది. పెన్ను పిడికిట్లో ఇరికించుకుని, చాలాసేపు కష్టపడి, దాని మీద వంకర అక్షరాలతో రాసింది: ‘మా చెల్లి చేసిన ఆట’.