రెండు చేతులూ ఎత్తు

మా వైపు ఆడవాళ్లు చుట్టను అడ్డపొగ కాలుస్తారు. అంటే నిప్పున్న కొస నోట్లో ఉంటుంది. పెళ్లయిన కొత్తలో, కాఫీ తోటలో చలికి వణుకుతుంటే నాకది నేర్పింది మా అత్తే. ఆదివారం చర్చిలో ముందు నిలబడి పాటలు పాడేదాన్ని కదా, ఆ సంగతి మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

ఇద్దరు ఆడపిల్లలు చాలనుకుని, ముప్పై ఏడో ఏట గర్భం రాకుండా మాత్రలు మొదలుపెట్టాను. చుట్టగానీ బీడీగానీ కాలుస్తావా అని నర్సు ముందే అడిగింది. పక్కనే మా చర్చికొచ్చే ఆవిడ కూర్చుని ఉంది. లేదన్నాను. తలనొప్పి వస్తుందా అంటే, ఎవరికి రాదులే అనుకుని దానికీ లేదన్నాను.

మూడో నెలలో, కాఫీ పళ్లు కోస్తుంటే కళ్ల ముందు వంకరటింకర మెరుపు గీతలు కదిలాయి. కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కాయి. అత్తను పిలుద్దామంటే నాలుక మడతపడింది. ఆవిడ బుట్ట అక్కడే వదిలేసి నన్ను ఆటోలో అరకు ఆసుపత్రికి చేర్చింది. పక్షవాతమే అనుకున్నాను. దారంతా, పిల్లలకు జడలెవరు వేస్తారన్న బెంగే.

"రెండు చేతులూ ఎత్తమ్మా" అన్నారు డాక్టరుగారు. ఎత్తాను. పక్షవాతమైతే ఒక చెయ్యి వాలిపోతుందట. చుట్ట అలవాటుందా అన్నారు. మళ్లీ లేదనబోయాను.

"అబద్దం సెప్పకే గుంటా, సచ్చిపోతావు!" అత్త అరిచింది. "రోజుకి నాలుగు కాలుత్తాది బాబూ. నేనే నేర్పినాను."

విశాఖలో స్కాన్ తీశారు. మెదడులో ఏమీ లేదు. వచ్చింది పార్శ్వపు తలనొప్పట, అదే మైగ్రేన్. కానీ అలా మెరుపులు కనిపించేవాళ్లు, పైగా పొగ తాగేవాళ్లు ఆ మాత్రలు వేసుకుంటే, రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ముప్పు పెరుగుతుందట. మాత్రలు మాన్పించి కాపర్ టీ వేశారు. చుట్ట నేనే మానేశాను.

తిరుగు ప్రయాణంలో ఘాట్ రోడ్డు మీద బస్సు ఆగితే వేరుశనక్కాయలు కొని ఒక్కొక్కటే ఒలుచుకున్నాను. వేళ్లన్నీ చెప్పినట్టు వింటున్నాయి. పోయిన ప్రాణం లేచొచ్చింది. అత్తకు పెట్టడం కూడా మర్చిపోయి అన్నీ నేనే తినేశాను.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే అత్త నోట్లో చుట్టతోనే నన్ను పరీక్ష చేస్తుంది. "ఏటే, సేతులెత్తు!"

ఎత్తుతాను. మొన్న మాత్రం ఒళ్లు మండి, "నువ్వూ ఎత్తు అత్తా" అన్నాను. పకపకా నవ్వుతూ ఎత్తింది. రెండూ సమంగానే లేచాయి. ఆ నవ్వుకి చుట్ట జారి కింద పడింది. ఆవిడ వంగేలోపే తీసి పొయ్యిలో పారేశాను.