పచ్చ చుక్క అమ్మాయి

దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు ఆన్‌లైన్ కోర్సు నడిపే ఆఫీసులో నేను మెంటార్‌ని. పేరు గొప్పగా ఉంటుంది గానీ పని ఇంతే: పొద్దున్నే కంప్యూటర్ తెరిచి, ఎవరి పేరు పక్కన ఎర్ర చుక్క ఉంటే వాళ్లకు ఫోన్ చేసి చీవాట్లు పెట్టడం. వీడియోలు చూడకపోతే, టెస్టులు రాయకపోతే ఎరుపు. అన్నీ చేస్తే పచ్చ. పచ్చ చుక్క వాళ్లకు ఫోన్ అక్కర్లేదు. 'శభాష్, బాగా చదువుతున్నారు' అని ప్రతి సోమవారం నా పేరుతో ఓ మెసేజ్ దానంతటదే పోతుంది.

మా మేనేజరుకు ఆ తెరంటే ప్రాణం. "డేటా అబద్ధం చెప్పదండీ" అంటాడు, రోజుకు రెండుసార్లు. విని విని నాకు చెవులు చిల్లులు పడ్డాయి.

ఎల్‌బీ నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్ గదిలో ముగ్గురు నల్గొండ వైపు అమ్మాయిలు మా కోర్సులో ఉన్నారు. ఒకామెది ఎప్పుడూ పచ్చే. మిగతా ఇద్దరూ చేరినప్పటి నుంచీ ఎరుపు. "మీ రూమ్మేట్‌ని చూసైనా నేర్చుకోండమ్మా" అని వాళ్లతో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. "చదువుతున్నం మేడమ్" అని ఏదో చెప్పబోయేవాళ్లు. నేను వినిపించుకుంటేగా!

పరీక్ష ఇంకో రెండు నెలలుందనగా, ఆ ఇద్దరినీ డౌట్ల క్లాసు నుంచి తీసేయమన్నాడు మేనేజరు. చదవనివాళ్లకు సీటు దండగట. తీసేసే ముందు ఒకసారి మొహం మీదే అడిగేద్దామని, ఇంటికి వెళ్తూ ఎల్‌బీ నగర్‌లో మెట్రో దిగి ఆ హాస్టల్‌కు వెళ్లాను.

గదిలో ఇద్దరే ఉన్నారు, నా ఎర్ర చుక్కలు. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, దాని ముందు మఠం వేసుకుని కూర్చుని నోట్సు రాసుకుంటున్నారు. అప్పటికే నిండిన నోటుపుస్తకాలు కిటికీ దాకా పేర్చి ఉన్నాయి. తెర మీద ఉన్నది మాత్రం మూడో అమ్మాయి పేరు.

"ల్యాప్‌టాప్ ఒక్కటే ఉంది మేడమ్, అది గూడ ఆమెదే. ఆమె లాగిన్‌లనే ముగ్గురం చూస్తం. టెస్టులు గూడ కలిసి రాస్తం" అంది ఒకామె, తప్పు చేసినట్టు లేచి నిలబడి.

"మరి ఆమేదీ?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "ఊరికి పోయింది మేడమ్, నెలైతుంది. నాతోని అయితలేదని మస్తు ఏడ్చింది. ల్యాప్‌టాప్ మీరే ఉంచుకోన్రి అని ఇచ్చి పోయింది."

చదివేవాళ్లను తిట్టాను, మానేసినామెకు నెల రోజులుగా శభాష్ చెబుతున్నాను. ఆ తెరనూ మేనేజరునూ మనసులో కడిగిపారేశాను. కానీ నా సంగతేంటి? హాస్టల్ గదిలో బకెట్ ఒకటే, ఇస్త్రీపెట్టె ఒకటే. ల్యాప్‌టాప్ మాత్రం ముగ్గురికీ మూడు ఉంటాయని ఎలా అనుకున్నాను? నేనూ ఒకప్పుడు అలాంటి గదిలో ఉండి చదువుకున్నదాన్నే.

అక్కడి నుంచే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఎత్తింది. "కష్టంగా ఉందని నాకొక్క మాట చెప్పొచ్చు కదమ్మా!" అన్నాను. గొంతులో కోపం ఇంకా పోలేదు.

"చెప్దామనే అనుకున్న మేడమ్. నంబర్ గూడ తీసి పెట్టుకున్న. గంతల్నే మీ మెసేజ్ ఒచ్చింది, బాగా చదువుతున్నరని. ఇగ ఏమని చెప్త?"