సుగుణత్త వేలిముద్రలు

రాబర్ట్‌సన్‌పేటలో బట్టల కొట్టు పైనున్న మా కోచింగ్ గదికి నేను పొద్దున ఎనిమిదింటికే చేరుకుంటాను. ఆ వేళకు మునిసిపాలిటీ వాళ్ళు మురుగు కాలువల వెంట తెల్లగా బ్లీచింగ్ పౌడరు చల్లుకుంటూ పోయి ఉంటారు. మెట్లెక్కే పిల్లలంతా ముక్కులు మూసుకుంటారు, నేను మాత్రం ఒక క్షణం ఆగుతాను. పై దేశాల్లో చదవాలనుకునే వాళ్ళకు ఇంగ్లీషు పరీక్ష పాఠాలు చెప్పుకుంటున్న మనిషిని, ఆ ఘాటు ముక్కుకు సోకిందంటే చాలు, పదేళ్ళ పిల్లనై బేతమంగళ దగ్గర మా పురుగుల కొట్టం గడప ముందు నిలబడిపోతాను. కొత్తగా చేరిన పిల్లలకు మొదటిరోజు నేను పుస్తకం తెరవను. చేతులు చాపమని, ఒక్కొక్కరి వేళ్ళ కొసలూ వెలుతురుకు తిప్పి చూస్తాను. మేడమ్‌కు జాతకాల పిచ్చి అని వెనక నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ.

మాది పట్టుపురుగులు పెంచిన ఇల్లు. ఇంటి వెనక ఎకరన్నర మల్బరీ తోట, తోటకూ ఇంటికీ నడుమ పెంకుల కప్పుతో పొడవాటి కొట్టం, అందులో ఒకదాని మీద ఒకటిగా వెదురు తట్టలు, తట్టల నిండా పురుగులు. గుడ్డు పగిలిన రోజు నుంచి గూడు కట్టే రోజు దాకా, నెలకు రెండు మూడు రోజులు తక్కువగా, ఆ ఇంటికి యజమానులు అవే, మేము పనివాళ్ళం. పోపు ఘాటు తగులుతుందని అవ్వ కొట్టం వైపు కిటికీ మూసి వంట చేసేది, అగరొత్తి వెలిగించనిచ్చేది కాదు, నాయనకు బీడీ మీద మనసైతే రోడ్డు దాకా నడిచి పోవలసిందే. పురుగు మేత మాని తల పైకెత్తి కదలకుండా ఉండి పొర విడుస్తుందే, ఆ ఒక్క రోజు నిద్రను మా వైపు జ్వరం అంటారు. ఒకటో జ్వరం, రెండో జ్వరం అని నాలుగు జ్వరాలు లెక్కపెట్టుకుంటూ, నిజంగా ఇంట్లో బిడ్డకు ఒళ్ళు కాలుతున్నట్టే గొంతులు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళం. నాలుగో జ్వరం లేచాక వాటి ఆకలి చూడాలి, బుట్టెడు ఆకు వేసి వెనక్కి తిరిగేసరికి కొట్టమంతా వాన పడుతున్న చప్పుడు.

కొట్టం గడపలో ఎప్పుడూ ఒక బేసిను, దాన్నిండా బ్లీచింగ్ నీళ్ళు. అందులో చేతులు ముంచకుండా లోపల అడుగు పెట్టకూడదు, కలెక్టరు వచ్చినా అంతే. పురుగులున్నన్నాళ్ళూ ఒక ఇంటి కొట్టంలోకి ఇంకో ఇంటివాళ్ళు పోరు. పండగొస్తే పిండివంటలు నడిమి గోడ మీద పెట్టి ఒక కేక వేసి పోవడమే.

సుగుణత్త మా నాయనకు చెల్లెలు. కోలారులో డిగ్రీ దాకా ఈ పురుగుల చదువే చదివింది. జపాన్‌లో ఒక యూనివర్సిటీ వాళ్ళు రెండేళ్ళు చదివిస్తాం, ఖర్చంతా మాదే, కానీ వేసవి దాటకముందే ఇంగ్లీషు పరీక్ష మార్కులు పంపాలి అని ఉత్తరం రాశారు. అవ్వకు ఆ సంగతి ఎంత చెప్పినా మింగుడుపడలేదు.

"పురుగుల్ని చదివేదానికి సముద్రం దాటి పోవాల్నా? మనింట్లో లచ్చ ఉండాయి, ఇంగ వాట్ని చదువు" అనేది.

అత్త నవ్వి ఊరుకునేది. కొట్టం మూల కిటికీ కింద చాప పరుచుకుని, చెవుల్లో తీగలు పెట్టుకుని ఎవరో దొరల మాటలు వింటూ, మధ్యమధ్యలో ఆపి రాసుకునేది. పరీక్షలో చీటీ మీద ఉన్న విషయం గురించి రెండు నిమిషాలు మాట్లాడాలట. ఆ పరీక్షాధికారిని నేనే. గోడ గడియారం దించి ఒళ్ళో పెట్టుకుని, రెండు నిమిషాలు కాగానే పళ్ళెం మీద గంటె కొట్టేదాన్ని. అత్త పురుగుల తట్టల వైపు తిరిగి తన స్నేహితురాలి గురించి, తను చూసిన ఊరి గురించి ఇంగ్లీషులో చెప్పేది. నాకు ముక్క అర్థం కాకపోయినా, ఆగకుండా చెప్పినరోజు పదికి పది వేసేదాన్ని. ఆదివారాలు నన్ను తోడు తీసుకుని బస్సులో కేజీఎఫ్ పోయేది. బంగారు గని మూతపడ్డాక కూడా క్వార్టర్సు వదలని ఒక ముసలి టీచరమ్మ అక్కడ మాకు టీ, తీపి బన్ను పెట్టి అత్తతో ఇంగ్లీషు మాట్లాడించేది. కిటికీలోంచి, బంగారం తీశాక గనివాళ్ళు పారబోసిన మట్టి గుట్టలు, సైనైడు దిబ్బలు కనిపించేవి, గాలి లేస్తే ఆ దుమ్ము మా టీలో పడేది. అత్త తడబడితే ఆమె తన తమిళ యాసలో "భయపడాదె మా, మెల్లగా మాట్లాడు, ఇంగ్లీషు యాడికీ పరిగెత్తి పోదు" అనేది.

అసలు చిక్కు ఇంగ్లీషుది కాదు, వేళ్ళది. పాస్‌పోర్టుకని బెంగుళూరు పోయినప్పుడు అత్త వేలిముద్రలు మిషనులో పడలేదు. చిన్ననాటి నుంచీ ఆకు దూసిన వేళ్ళు, పూటకు పదిసార్లు బ్లీచింగ్ నీళ్ళలో మునిగిన వేళ్ళు, కొసలు గాజుముక్కలా నునుపు తేలి గీతన్నది లేకుండా అరిగిపోయి ఉన్నాయి. ఎలాగో ఆరేడుసార్లు నొక్కించుకుని అప్పటికి పని కానిచ్చారు గానీ, పరీక్ష దగ్గర కూడా ముద్ర పడితేనే లోపలికి వదులుతారని, కొన్నాళ్ళు చేతులకు విశ్రాంతి ఇవ్వమని అక్కడొకాయన చెప్పి పంపాడు. శివరాత్రి దాటిన మర్నాటి నుంచి అత్త ఆకు ముట్టకూడదని, చదువుకు కొట్టంలోకి పోయేటప్పుడు ఒక్కసారి తప్ప బ్లీచింగ్ నీళ్ళు కూడా ముట్టకూడదని నాయన తీర్మానించాడు. ఆమె బుట్ట నాకు వచ్చింది. రోజూ సాయంత్రం నేను ఆమె పది వేళ్ళకూ వెన్న రాసి రుద్దేదాన్ని. వారానికొకసారి నా డ్రాయింగు పుస్తకంలో, సిరా అద్దిన వేలు పెట్టించి ముద్ర వేయించేదాన్ని. మొదటివారం ఉత్త నీలం మరక. మూడోవారం మరక అంచున సన్నగా నాలుగు గీతలు. ఆ పుటను ఇల్లంతా తిప్పి చూపించాను. ఈ చదువు మింగుడుపడని అవ్వ కూడా కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "వస్తా ఉండాయి మే, నెయ్యి గూడా రాయి" అంది.

అప్పుడే ఉగాది వచ్చింది. పరీక్షకు ఇంకా రెండు వారాలు. పురుగులు మూడో జ్వరం లేచి మేతకు పడ్డాయి. పక్కింటి రామక్క ఓళిగలు, అవే బొబ్బట్లు, చేసి గోడ మీద పెట్టి కేక వేసింది. తెమ్మని నన్ను పంపారు. నేను వాటిని తీసుకుని తిరిగి రాక, గోడెక్కి అవతలికి దిగి వాళ్ళ కొట్టంలోకి తొంగిచూశాను. వాళ్ళ పురుగులు మావాటికన్నా లావుగా, నిగనిగలాడుతూ తట్టల అంచుల మీద తిరుగుతున్నాయి. ఎంత బాగా మేపారో అని అసూయపడి ఒకదాన్ని వేలితో నిమిరాను కూడా. అది పాలరోగమనీ, ఉబ్బి మెరిసే పురుగు చచ్చే పురుగనీ, రోగం తగిలిన ఇల్లు సిగ్గుపడి బయటికి చెప్పుకోదనీ నాకు అప్పటికి తెలియదు. వేడి ఓళిగ ఒకటి నెయ్యి కారుతుండగా చేతిలో పట్టుకుని, అత్తకు తినిపించాలని తిన్నగా మా కొట్టానికి పరిగెత్తాను. బేసినులో చేతులు ముంచితే ఓళిగ పాడవుతుంది. ముంచలేదు. బేసిను దాటుకుని లోపలికి పోయి, తట్ట అంచు పట్టుకుని వంగి ఓళిగ ఇచ్చాను. అత్త నా నెయ్యి చేతుల వైపు ఒకసారి చూసి, సగం తాను తిని, సగం నా నోట్లో పెట్టింది.

ఆరో రోజున మా తట్టల అంచుల మీద లావుపాటి పురుగులు నిగనిగలాడుతూ తిరగసాగాయి.

అవ్వ గొంతు ఆ ఇంట్లో అంత పెద్దగా లేవడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు. "చేతులు ముంచకుండా ఎవురు పోయినారు? చెప్పండి, ఎవురు?" నేను అమ్మ వెనక నిలబడి ఉన్నాను. చేతులు వెనక్కి దాచుకున్నాను. అత్త పుస్తకం మూసి లేచి, "నేనే మా. ధ్యానంలో పడి మరిచిపోయినాను" అంది.

ఆ తరవాత వారం రోజులు నాకు ఇప్పటికీ తలకెక్కిన వేడిలా గుర్తున్నాయి. రోగం పురుగుల్ని ఒక్కొక్కటిగా ఏరి సున్నం నీళ్ళలో వేయాలి, పగిలిన ఒక్క పురుగు పాలు తగిలినా తట్టంతా పోతుంది, అవ్వకు చూపు ఆనదు, నాయనా అమ్మా ఆకు కోతలో ఉన్నారు. ఆ పని చదువుకున్నది అత్త ఒక్కతే. వద్దని ఎవరూ అనలేదు, అనే ధైర్యం ఎవరికీ లేదు. సున్నం చల్లి, ఏరి, బ్లీచింగ్‌లో కడిగి, మళ్ళీ ఏరి, మళ్ళీ కడిగి, చివరికి ముప్పాతిక పంట దక్కించింది. పురుగులు పండి, గూళ్ళ కోసం పెట్టే వెదురు చంద్రికలెక్కి అల్లడం మొదలుపెట్టిన సాయంత్రం నేను డ్రాయింగు పుస్తకం తెచ్చాను. అత్త సిరా అద్దుకుని వేలు పెట్టింది. నీలం మరక. పొట్టు లేచిన చర్మం తప్ప ఒక్క గీత లేదు. పుస్తకం మూసి, "బస్సు పొద్దున్నే ఉండాది, నిద్రపో" అంది.

బెంగుళూరులో ఆ పరీక్ష నడిపే చోట అద్దాల తలుపు బయట నాయన పక్కన నిలబడి అంతా చూశాను. అత్త వేలు నొక్కింది, కొంగుకు తుడుచుకుంది, నోటి ఆవిరి ఊది మళ్ళీ నొక్కింది, ఇంకో వేలు, ఇంకో చెయ్యి. వెనకున్న వాళ్ళు ఒక్కొక్కరే నొక్కి లోపలికి పోయారు. అక్కడి మనిషి కఠినుడేం కాదు, లేచి నీళ్ళిచ్చాడు, కూర్చోబెట్టాడు, రూలు రూలేనమ్మా అని కన్నడంలో నొచ్చుకుంటూ చెప్పాడు. తలుపు మూశారు. వేసవిలో ఇంకో పరీక్షకు చోటు దొరకలేదు. ఉత్తరం గడువు దాటింది. వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాం గానీ, మరుసటి ఏడు జపాన్ వాళ్ళు వేరే ఎవరికో ఆ చోటు ఇచ్చారు.

అత్త ఇప్పుడు బేతమంగళలో సైన్సు టీచరు. అవ్వ లేదు. బోరు ఎండాక మల్బరీ పీకేసి నాయన నీలగిరి చెట్లు నాటాడు. తట్టలు చెదలు తిన్నాయి. కొట్టంలో ఇప్పుడు బండి పెట్టుకుంటాం, అగరొత్తి ఎక్కడైనా వెలిగించుకోవచ్చు. డ్రాయింగు పుస్తకం ఏమైందో ఎవరికీ తెలియదు. టీచరమ్మ ఉన్న క్వార్టర్సు కప్పు కూలిపోయింది.

పోయిన నెల బ్యాంకు పని మీద అత్తతో కలిసి పోయాను. వేలిముద్ర అడిగారు. ఆమె వేలు పెట్టీపెట్టగానే మిషను పచ్చగా వెలిగింది. అత్త వేలు తీయకుండా ఆ వెలుగునే చూస్తూ ఉండిపోయింది. "చూడు మే, ఒగే దెబ్బకి పడింది" అంది.

బయటికి వచ్చి బస్సు కోసం నిలబడినప్పుడు, ఇన్నేళ్ళు గొంతులో ఉన్నది చెప్పేశాను. ఆ ఉగాది రోజు చేతులు ముంచకుండా వచ్చింది నేనేనని, రామక్క వాళ్ళ పురుగును ముట్టి వచ్చానని, నింద నువ్వు నీ మీద వేసుకున్నావని. చెబుతుంటే ఏడుపొచ్చింది.

అత్త నా చెయ్యి పట్టుకుంది.

"తెలుసులేమే. నీ చేతులు చూసినాను గదా. తిరగా పోయి ముంచుకోని రా అని చెప్పాల్సింది నేను. ఓళిగ చల్లారిపోతాదని చెప్పలేదు. సగం నేనే తింటిని."

బస్సు వచ్చింది, అత్త ఎక్కి పోయింది. నేను కోచింగ్‌కు వచ్చి, ఆ రోజు చేరిన వాళ్ళ చేతులు చూశాను. అందరూ ఈ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలే, ముళబాగిలు వైపు వాళ్ళు, ఆవని వైపు వాళ్ళు, తాతముత్తాతల నాటి నుంచి సేద్యం చేసిన ఇళ్ళ వాళ్ళు. ఇన్నేళ్ళలో గీతలు అరిగిన వేలు ఒక్కటంటే ఒక్కటి నాకు కనబడలేదు. అయినా చూస్తూనే ఉన్నాను.