తలవైపు చోటు

అవ్వాద్ పుస్తకం చదువుతుంటే కొత్తగా చూసినవాళ్లు నవ్వేవాళ్లు. తలకిందులుగా పెట్టుకుని చదివేవాడు. కొండ మీది ఊరు బైత్ సలామాలో వాళ్లు మాత్రం చూసి చూసి అలవాటుపడ్డారు.

ఆ ఊరి యూదుల వాడ మొత్తానికి చదువుకోవడానికి పుస్తకం ఒక్కటే ఉండేది. ఎవరి తాతకు తాతో చేత్తో రాసినది. సృష్టి, ప్రళయం, ఆజ్ఞలు అన్నీ అందులోనే. ఆ మాటలు పట్టుకుని దూరదేశాల్లో చట్టాలు రాశారనీ, రాజ్యాలు నిలబెట్టారనీ, కూల్చారనీ వాడలో ఎవరికీ తెలియదు. వాళ్లకు తెలిసింది ఒకటే. పుస్తకం ఒకటి, పిల్లలు బోలెడుమంది.

అందుకని వాళ్లకు చదువు చెప్పే మోరీ, పుస్తకాన్ని చాప మధ్యలో పీట మీద పెట్టేవాడు. పిల్లలు చుట్టూ కూర్చునేవాళ్లు. పుట కింది అంచు ఉన్న పాదంవైపు కూర్చున్నవాడికి అక్షరాలు తిన్నగా కనిపించేవి. పక్కనున్నవాళ్లకు అడ్డంగా. తలవైపు వాడికి తలకిందులుగా. ఏడాదికోసారి చోట్లు మారేవి. పుస్తకాన్ని ఎవరూ తిప్పకూడదు. మనుషులే దాని చుట్టూ తిరగాలి. ఒక చుట్టు పూర్తయ్యేసరికి పిల్లవాడు ఎటునుంచైనా చదివేవాడు. పెద్దయ్యాక తను ఏ వైపు కూర్చున్నదీ గమనించేవాడే కాదు.

అవ్వాద్ చుట్టు పూర్తి కాలేదు. తలవైపు చోటుతో మొదలుపెట్టాడు. ఆ ఏడు గడవకముందే వాళ్ల నాయన జ్వరంతో పోయాడు. పిల్లవాణ్ణి మేనమామ తోలుపనిలో పెట్టుకున్నాడు. అప్పటికి ఎంత వచ్చిందో అంతే మిగిలింది, వచ్చిన తీరులోనే. ప్రార్థన ఇంట్లో కూడా ఎప్పుడూ తలవైపే కూర్చునేవాడు. ఇంకో వైపు కూర్చుంటే అక్షరాలు చీమల్లా కనిపించేవి.

"అవ్వాద్, నీ ప్రార్థన కూడా కాళ్లు పైకెత్తుకునే పోతుందిరా దేవుడి దగ్గరికి" అనేవాడు కుండలు చేసే యహ్యా.

అవ్వాద్ అందరితోపాటు నవ్వేవాడు. ఇంటికి వచ్చాక నవ్వేవాడు కాదు. భార్య గజాల్ రొట్టె, మెంతి పచ్చడి ముందు పెడితే కొంతసేపు ముట్టకుండా కూర్చునేవాడు. ఆమె కారణం అడిగేది కాదు.

కొడుకు షుకర్‌కు బడికి పోయే వయసు వచ్చింది. ఆ వేసవిలోనే పుస్తకానికి పురుగు పట్టింది. మోరీ సాద్యా దాన్ని గుడ్డలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు అవ్వాద్ ఇంటికి తెచ్చాడు.

"కుట్లన్నీ తెగాయి అవ్వాద్. మనవాళ్లు సముద్రం దాటాక పాడిన పాట ఉన్న కాగితమైతే పూర్తిగా ఊడి చేతికొచ్చింది. కొత్త తోలు వేసి కుట్టివ్వు. కూలి ఎంతో చెప్పు."

"కూలి వద్దు. మావాణ్ణి పాదంవైపు కూర్చోబెట్టు."

"కూర్చోబెడతాలే. వాడి వంతు అక్కణ్ణుంచే మొదలుపెడదాం."

"వంతు కాదు. చదువు అయ్యేదాకా అక్కడే ఉంచు. తిప్పకు."

మోరీ కాఫీపొట్టు కషాయం గిన్నె కింద పెట్టాడు. "నీకు జరిగినట్టు వాడికి జరగదురా. ఏడాది తిరిగితే చోటు మారుతుంది."

"నాకు చదువు చెప్పిన మీ నాయనా ఇదే మాట అన్నాడు."

"అన్ని వైపులా తిరగడమే చదువు."

"తిన్నగా చదవడం చదువు కాదా? మావాణ్ణి చూసి ఎవడూ నవ్వకూడదు. కుదరదంటే చెప్పు, ఇంకో తోలుపనివాణ్ణి చూసుకో."

ఇంకో తోలుపనివాడు ఆ కొండ మీద లేడని ఇద్దరికీ తెలుసు. మోరీ పుస్తకాన్ని అక్కడే వదిలి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "నీ ఇష్టం" అన్నాడు.

అవ్వాద్ ఆ పని మనసు పెట్టి చేశాడు. మేకతోలు నానబెట్టి, గీకి, ఎండనిచ్చాడు. దారానికి మైనం పట్టించాడు. పాట రాసిన కాగితం పెద్దది. మధ్యకు మడిచి, లోపలి ముఖం మీద రెండు పుటల్లో పాట రాసి ఉంది. వెనక ఖాళీ. మిగతా పుస్తకం, కుట్టడానికి వీలుగా పాదంవైపు తనవైపు పెట్టుకుని, మోకాళ్ల మీద తెరిచి ఉండగా, ఆ కాగితాన్ని విడిగా చేతిలోకి తీసుకున్నాడు. ఇదేనా అని ఒక వాక్యం చదివి చూసుకున్నాడు. తను ఎలా చదివాడో అలాగే దాన్ని లోపల పెట్టి, మడత వెంట కుట్టాడు. కుట్టు తీరుగా పడింది. తోలు మీద చెయ్యి వేసి చాలాసేపు నిమిరాడు.

మోరీ వచ్చి పుటలు తిప్పి చూసి, బాగుందన్నాడు.

వానలు పోయి చలి వచ్చేసరికి షుకర్ గడగడా చదువుతున్నాడు. పాదంవైపు కూర్చుని, వేలు పెట్టకుండా. కొత్త ఏడు మొదలవగానే పక్కనున్న పిల్లల చోట్లు మారాయి. షుకర్ చోటు మారలేదు.

పాట చదివే శనివారం దగ్గరపడింది. ఆ రోజు పెద్దవాళ్లలో ఒకడు ప్రార్థన ఇంటి పెట్టెలో ఉండే పవిత్రమైన తోలుచుట్టలోంచి ఒక్కో వాక్యం చదువుతాడు. పిల్లవాడొకడు పుస్తకంలోంచి దాని పాత అనువాదం చదవాలి. ఈసారి షుకర్ చదువుతాడని మోరీ అన్నాడు. ఆ వారమంతా మోరీకి జ్వరం. బడి జరగలేదు. ముందుగా ఒకసారి చదివించాలని ఎవరికీ అనిపించలేదు. షుకర్‌కు వేరే చెప్పాలా?

శనివారం పొద్దున గజాల్, కొడుకు చదివాక అందరికీ పంచడానికి వేయించిన శనగలు, ఎండుద్రాక్ష కొంగున కట్టుకుని ఆడవాళ్లతో కిటికీ బయట నిలబడింది. లోపల మగవాళ్లు చెప్పులు విడిచి, చాపల మీద పుస్తకం చుట్టూ కూర్చున్నారు. షుకర్ పాదంవైపు. అవ్వాద్ ఎప్పటిలాగే తలవైపు. తండ్రీ కొడుకులు ఎదురెదురుగా.

మొదటి వాక్యం వినిపించింది. ఆ గొంతు ఆగింది. ఇక పిల్లవాడు అందుకోవాలి.

షుకర్ పుట మీదికి వంగాడు. ఎత్తుకోలేదు.

అవ్వాద్ పుటలోకి చూశాడు. చీమలు. తన చోటులో తను కూర్చుని ఉన్నాడు, పుస్తకం ఎప్పుడూ ఉండే చోటే ఉంది, ఒక్క అక్షరం కూడా తెలియలేదు. ఏం జరిగిందో అర్థం కావడానికి ఒక్క ఊపిరి పట్టింది. కాగితాన్ని తిరగేసి కుట్టాడు. తన వైపు నుంచి అక్షరాలు తిన్నగా ఉన్నాయి. కొడుకు వైపు నుంచి తలకిందులుగా ఉన్నాయి. గదిలో మిగతా అందరూ ఎటునుంచైనా చదవగలరు కాబట్టి అది ఎవరికీ పట్టలేదు. ఆ పుట చదవలేనివాళ్లు అక్కడ వాళ్లిద్దరే.

తలెత్తాడు. షుకర్ అతన్నే చూస్తున్నాడు.

లేచి, 'ఇటు రా నాయనా, నా చోట్లో కూర్చో' అంటే చాలు. అంతకంటే ఏమీ అక్కర్లేదు. అవ్వాద్ మోకాళ్లు కదిలాయి కూడా. ఆ తర్వాత ఎందుకని ఎవరైనా అడుగుతారు. కాగితం తిరగబడిందని తెలుస్తుంది. ఎవడు కుట్టాడంటారు. అందరూ నవ్వుతారు. ఆ నవ్వు అతని చెవుల్లో అప్పుడే మొదలైంది. అవ్వాద్ కళ్లు దించుకున్నాడు.

"చదవరా అబ్బాయ్, శనగలు మెత్తబడిపోతాయి" అన్నాడు యహ్యా. కొందరు నవ్వారు. "తండ్రి కళ్లు తిరగేసుకున్నాడు, కొడుకు నాలుక తిరగేసుకున్నట్టున్నాడు."

ఈసారి అందరూ నవ్వారు.

మోరీ పక్కకు తిరిగాడు. "పిన్హాస్, నువ్వు చదువు" అన్నాడు.

పక్కన అడ్డంగా కూర్చున్న బడిపిల్లవాడు పిన్హాస్ ఉన్న చోటునుంచే అందుకున్నాడు. ఒక్కచోట కూడా తడబడలేదు.

ఇంటికి వచ్చాక గజాల్ కొంగు ముడి విప్పలేదు. "వాడికేమైంది?" అంది.

"భయపడ్డాడు" అన్నాడు అవ్వాద్.

షుకర్ వాకిట్లోనే ఉన్నాడు. ఆ మాట విన్నాడు.

తర్వాత వాడు బడికి పోలేదు. యహ్యా దగ్గర కుండలు నేర్చుకుంటానన్నాడు. ఎవరూ కాదనలేదు. శనివారాలు ప్రార్థన ఇంటికి వచ్చేవాడు గానీ చెప్పులు విడిచే చోట, గుమ్మం పక్కనే కూర్చునేవాడు. పుస్తకం అక్కడికి కనిపించదు.

అవ్వాద్ చాలా రోజులకు మోరీ దగ్గరికి పోయాడు. పాట ఉన్న కాగితం తెరిచి చూపించాడు.

మోరీ చూశాడు. లేచి రెండో వైపుకి వెళ్లి మళ్లీ చూశాడు. "అవునురా. తిరగబడింది. నేను చూసుకోనేలేదు."

"విప్పి మళ్లీ కుడతాను."

"వద్దు. ముసలి కాగితం. ఇంకో సూదికి నిలవదు." మోరీ పుస్తకం మూశాడు. "దీంతో ఎవరికీ ఇబ్బంది లేదు. మీ ఇద్దరికి తప్ప."

అవ్వాద్ చెప్పులు తొడుక్కుని ఇంటికి పోయాడు.

కొడుకుతో ఆ సంగతి ఎత్తేసరికి ఏళ్లు గడిచాయి. షుకర్‌కు అప్పటికి గడ్డం వచ్చింది. యహ్యా బట్టీ వాడి చేతికి వచ్చింది. ఒక మధ్యాహ్నం అవ్వాద్ అక్కడికి పోయి, పచ్చికుండల మధ్య చోటు చూసుకుని కూర్చున్నాడు.

"ఆ రోజు తప్పు నీది కాదు. కాగితం నేనే..."

"తెలుసు నాయనా."

"ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే. అక్షరాలు తలకిందులుగా ఉంటే నాకు కనపడదా? నీ పక్కకొచ్చి కూర్చుంటే సరిపోయేది."

"మరి రాలేదేం?"

షుకర్ చక్రం ఆపలేదు. "నేను లేచి అటు వస్తే నువ్వు తప్పుగా కుట్టావని అందరికీ తెలిసిపోయేది. నువ్వే పిలుస్తావని చూశాను."

చక్రం తిరుగుతూనే ఉంది. కుండ మూతి వెడల్పయింది, సన్నబడింది.

"లోపల వేడిగా ఉంటుంది, బయట కూర్చో" అన్నాడు షుకర్ కాసేపటికి. మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది అవ్వాద్‌కు.

ఆ ఏటినుంచి, పాట చదివే శనివారం ఒక్కరోజు, అవ్వాద్ తన చోటు మార్చుకున్నాడు. పాదంవైపు కూర్చునేవాడు. అటునుంచి ఆ పాట తలకిందులు కాబట్టి అతనికి చదవవచ్చేది. ఎదురుగా తలవైపు చాప ఖాళీగా ఉండేది. ఎవరైనా కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"ఉండండి. మనిషి వస్తాడు."

ఎవరని ఎవరూ అడిగేవాళ్లు కాదు. యహ్యా కూడా హాస్యం ఆడేవాడు కాదు.

షుకర్ వచ్చేవాడు. చెప్పులు విడిచి, గుమ్మం పక్కనే కూర్చునేవాడు. అవ్వాద్ పాటంతా గొణుక్కుంటూ చదివేవాడు. చివరి వాక్యం అయ్యాక పుట తిప్పకుండా ఒకసారి తలెత్తి గుమ్మం వైపు చూసేవాడు. పక్కనున్నవాళ్లు ఎదురుచూసేవాళ్లు. ఆ తర్వాత తిప్పేవాడు.