కౌన్సిల్లో చదివిన అర్జీ

డెబ్భైల్లో, విశాఖపట్నం ఇంకా మునిసిపాలిటీగా ఉన్న రోజుల్లో, నేను కౌన్సిల్ సెక్షన్‌లో గుమాస్తాని. సమావేశాలకు ఎజెండా తయారుచేయడం, సభ్యులకు నోటీసులు పంపడం, ప్రజల అర్జీలు సభలో చదవడం నా పని. చదవడమే గాని, వాటి మీద నాకో అభిప్రాయం ఉండకూడదు. పెద్ద గుమాస్తా మొదటి రోజే ఆ సంగతి చెప్పాడు. నాకదేమీ కష్టమనిపించలేదు.

ఒక మధ్యాహ్నం వన్‌టౌన్ వైపు నుంచి చేపలమ్మే ముసలామె వచ్చింది. ఖాళీ తట్ట వరండాలో దించి, తమ సందులో దీపం లేదనీ, తెల్లారకముందే హార్బరుకి వెళ్తూ కోడలు కాలవలో పడి చెయ్యి విరగ్గొట్టుకుందనీ చెప్పింది. సభలో తనే మాట్లాడతానంది. బయటివాళ్లు మాట్లాడే వీల్లేదనీ, అర్జీ పెడితే నేను చదువుతాననీ చెప్పాను. ఆమెకు రాయడం రాదు కనక నేనే రాసి వినిపించాను. మహారాజశ్రీ చైర్మన్ గారి సముఖమునకు, అని మొదలై అలవాటు ప్రకారం సాగింది.

ఆమె కాసేపు విని, "ఇయి నా మాటలు కాదు బాబూ. నాను సెప్పింది రాయి" అంది.

ఆ కాగితం పక్కన పెట్టి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను.

సభ రోజున ఆమె తలుపు దగ్గర నిలబడింది. నేను చదివాను. "సీకట్లో ఎల్తన్నాం. నిన్న మా కోడలు పడింది. రేపు నాను పడతాను. మీరేటి సేత్తన్నారు?"

కొందరు నవ్వారు. ఒక సభ్యుడు, అర్జీ రాసే పద్ధతి ఇదేనా అని నన్ను నిలదీశాడు. చైర్మన్ మాత్రం ఉన్నదున్నట్టు మళ్లీ చదవమన్నాడు. రెండోసారి ఎవరూ నవ్వలేదు. ఆ వార్డు సభ్యుడే లేచి, దీపం వెయ్యాలని ప్రతిపాదించాడు. అంతా చేతులెత్తారు. నేను తలుపు వైపు చూసేసరికి ఆమె అప్పటికే వెళ్లిపోయింది. బేరాల వేళ మరి.

స్తంభం పాతడానికి వానలు వెనకబట్టేదాకా ఆగాల్సొచ్చింది. దీపం సరిగ్గా వాళ్ల కిటికీ ఎదురుగా పడింది. నిద్ర పట్టక గోనెసంచి అడ్డం కట్టుకున్నామని, ఆమె ఇంకేదో పని మీద వచ్చినప్పుడు పెద్ద గుమాస్తాతో చెప్పింది. మార్చమని అడగలేదు.

మరుసటేడు ఇంటి నంబర్ల పని మీద సాయంత్రం ఆ సందులోకి వెళ్లాను. దీపం కింద ఆడవాళ్లు చేపలు ఏరుతున్నారు. అరుగు మీద ఆమె కూర్చునుంది. నన్ను గుర్తుపట్టలేదు.

"ఎవులు కావాల బాబూ?" అంది.

పని మీద వచ్చానని చెప్పి, పక్కింటి నంబరు రాసుకుని ముందుకు నడిచాను.