బృందావనంలో మంచినీళ్ళు

ఆశ్చర్యం మీద నాకు ఒకప్పుడు గొప్ప అనుమానం ఉండేది. నోరు తెరుచుకుని చూసేవాడి నోట్లోనే పూజారి తీర్థం పోస్తాడని సభల్లో చెప్పేవాణ్ణి. జనం చప్పట్లు కొట్టేవారు. డెబ్బైల మొదట్లో, మైసూరు దగ్గర ఆనకట్ట కింద ఉన్న బృందావనం తోటలో ఒక సాయంత్రం గడిపి వచ్చాక ఆ మాట మళ్ళీ వాడలేదు.

అప్పట్లో మేం విజయవాడలో, పటమటలో అద్దెకుండేవాళ్ళం. నేను కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. నా భార్య స్కూల్లో టీచరు. ఆమెది క్రైస్తవ కుటుంబం. మాది ఉయ్యూరు దగ్గర కాలవ కింద సేద్యం చేసుకునే కుటుంబం. దండలు మార్చుకుని పెళ్ళి చేసుకున్నాం. అమ్మ పెళ్ళికి రాలేదు, అలాగని పోట్లాడనూ లేదు. నెలకోసారి బస్సెక్కి వచ్చేది. మనవరాలికి జున్నుపాలో, చెరుకుముక్కలో తెచ్చేది. వరండాలో కుర్చీలో కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్పి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేది. భోజనం సంగతి అలా ఉంచండి, మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. దాహమైతే సంచిలోంచి తన మరచెంబు తీసేది. మూత తిప్పి బిగిస్తే చుక్క కారని ఇత్తడి చెంబు అది. ఊళ్ళో నింపుకున్న నీళ్ళు రోజంతా తాగేది. నా భార్య మాత్రం అమ్మ వచ్చిన ప్రతిసారీ గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆమె పక్కన స్టూలు మీద పెట్టేది. అమ్మ వెళ్ళాక ఆ నీళ్ళు తీసుకెళ్ళి మల్లెపాదులో పోసేది. పదేళ్ళు అలా జరిగింది. పదేళ్ళలో నేను ఎన్ని ఊళ్ళలో కులం మీద ఉపన్యాసాలిచ్చానో లెక్కలేదు. మా వరండాలో ఆ గ్లాసు అంగుళం కూడా కదలలేదు.

ఒకరోజు, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి ఆ గ్లాసు వంక చూసి అడిగింది.

"నాయనమ్మా, మా ఇంటి నీళ్ళు చేదా?"

అమ్మ సంచి సర్దుకుని లేచింది. తరవాతి నెల రాలేదు. ఆ పై నెలా రాలేదు.

ఇక మేమే కదలాలనుకున్నాను. తీర్థయాత్రల బస్సులో వెళ్ళొచ్చిన పక్కింటావిడ మైసూరు తోటలో నీళ్ళు రంగులు మారతాయని చెప్పినప్పటినుంచి అమ్మకి అది చూడాలని ఉంది. వేసవి సెలవుల్లో నలుగురం వెళ్దామని కబురు చేశాను. "వస్తాను. కాని మనవాళ్ళ సత్రంలో దిగుదాం," అని కబురొచ్చింది.

మనవాళ్ళ సత్రం! కులానికొక సత్రం కట్టి పుణ్యం మూటగట్టుకున్నామనుకునేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రయాణికుడికి కావలసింది చాప, దిండు, చెంబుడు నీళ్ళు. అవి ఇచ్చే ముందు గోత్రం అడిగేవాడు ధర్మాత్ముడెలా అవుతాడు? ఆ గుమస్తా ముందు నా భార్యని నిలబెట్టి ఏమని రాయించాలి?

కూర్చుని మూడు చోట్లకి ఉత్తరాలు రాశాను. ఒకటి ఆ సత్రానికి, ఒకటి మైసూరు ఊళ్ళో ఉన్న హోటలుకి, ఒకటి తోటనే ఆనుకుని ఉన్న హోటలుకి. ప్రశ్నలకి అంకెలు వేశాను. మీరు కులం అడుగుతారా? భోజనానికి వేరు వేరు వరసలు ఉన్నాయా? ఉంటే ఏ శాస్త్రం ప్రకారం? నా భార్య ఉత్తరం చదివి, "గది కావాలని ఎక్కడా రాయలేదేవండీ," అంది.

చివర్లో ఆ వాక్యం కలిపి పంపాను. సత్రంవాళ్ళు కులగోత్రాలు తెలియజేయమన్నారు. ఊళ్ళో హోటలువాళ్ళు అచ్చేసిన రేట్ల కాగితం పంపారు. తోట పక్క హోటలు మేనేజరు మాత్రం ఓపిగ్గా జవాబు రాశాడు. వాళ్ళు అతిథుల్ని ఒకటే అడుగుతారట, దుప్పట్లు ఎన్ని కావాలని.

ఆ ఉత్తరం పట్టుకుని ఊరెళ్ళాను. వాకిట్లో చేటలో మినుములు చెరుగుతోంది అమ్మ. అంతా విని ఒక్కటే అడిగింది.

"నీళ్ళెవరు తోడతార్రా అక్కడ?"

"ఎవరూ తోడరమ్మా. గదిలోనే కొళాయి ఉంటుంది. ఆనకట్ట నీళ్ళు గొట్టంలో తిన్నగా వస్తాయి."

"అయితే మధ్యలో ఎవరూ ముట్టుకోరు."

"ఎవరూ ముట్టుకోరు," అన్నాను.

"అయితే అక్కడే దిగుదాం."

గెలిచానని పొంగిపోతూ ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాను. నా భార్య పిల్లకి జడ వేస్తోంది. చేతులు ఆపకుండానే అంది. "గెలిచింది మీరా, అత్తయ్యగారా?"

అంటరానితనాన్ని ఎరగా వేసి నేను అమ్మని అందరూ సమానంగా ఉండే హోటలుకి తీసుకెళ్తున్నాను. ఇంకెవరైనా ఆ పని చేసి ఉంటే పత్రికల్లో ఉతికి ఆరేసేవాణ్ణి.

రైల్లో మాతో రెండు మరచెంబులు వచ్చాయి. అమ్మది ఆమె సంచిలో, మాది నా భార్య చేతిలో. మాదానికి పొట్ట మీద పెద్ద సొట్ట, మా అమ్మాయి ఒకసారి మెట్ల మీంచి దొర్లించిన గుర్తు. రెండు బళ్ళు మారి, మైసూరు చేరి, మర్నాడు మధ్యాహ్నానికి హోటల్లో దిగాం. అమ్మ గదిలో కొళాయి తిప్పి, కట్టి, మళ్ళీ తిప్పి చూసింది. తన చెంబు నింపి, మంచం పక్కన పెట్టి, తలుపు తాళం వేయించి మాతో బయల్దేరింది.

ముందు ఆనకట్ట మీదికి వెళ్ళాం. ఒక పక్క కనుచూపు మేరా నీరు. మరో పక్క ఎక్కడో కింద, మెట్లు మెట్లుగా తోట. మధ్యలో మనుషులు చేత్తో పేర్చిన రాతిగోడ. నేను దాని మీద అరచెయ్యి ఆనించాను. ఎండకి వెచ్చగా ఉంది. ఏ మంత్రమూ లేకుండా, లెక్కతో, కొలతతో, ఇంతటి నదిని నిలబెట్టిన కూలీల్నీ మేస్త్రీల్నీ తలుచుకుంటే చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. ప్రకాశం బరాజు మీద ఎన్నిసార్లు నడిచానో, అక్కడ ఎన్నడూ ఇలా కాలేదు. రోజూ చూసేదాన్ని మనం చూడం కాబోలు.

పొద్దుగూకే వేళకి తోటలో బల్ల మీద కూర్చున్నాం. ఉన్నట్టుండి దీపాలు వెలిగాయి. మా ఎదుట నీళ్ళు ఎర్రగా లేచాయి, పచ్చగా విరిగాయి, నీలంగా పడ్డాయి. వందలమంది అటే చూస్తున్నారు. అమ్మ లేచి నిలబడింది. కాలవ నీటి వంతు కోసం గట్ల మీద గొడవలు చూసిన మనిషి, నీళ్ళంటే పైరు తప్ప ఇంకోటి తెలియని మనిషి.

"ఈ నీళ్ళు ఏ పొలానికి పోతాయిరా?" అని అడిగింది.

"కింద చెరుకు తోటలకీ వరి పొలాలకీ పోతాయమ్మా."

"ముందు ఇక్కడ కాసేపు ఆడుకుని పోతాయన్నమాట," అంది.

అంతకంటే బాగా నేనెక్కడా చదవలేదు.

చూపు నీళ్ళ మీదినుంచి తిప్పకుండానే ఆమె చెయ్యి చాపింది. "గొంతెండిపోయింది. నీళ్ళేవి?"

ఆమె చెంబు గదిలో ఉంది. వెళ్ళి తేవాలంటే సగం తోట దాటాలి. నా భార్య మా చెంబు మూత తిప్పింది, ఆగింది. నా వంక చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. పదేళ్ళ గ్లాసులన్నీ అందులో ఉన్నాయి.

"ఇవి మావండీ, అత్తయ్యగారూ," అంది నెమ్మదిగా.

నీళ్ళు మళ్ళీ ఎర్రగా లేచాయి. అమ్మ చెంబు అందుకుంది. తల పైకెత్తి, గొంతులో పోసుకుని, గుటకలు వేస్తూ సగం తాగి, మూత బిగించి తిరిగి ఇచ్చింది. మళ్ళీ తోట వంక తిరిగింది.

నా భార్య ఆ చెంబుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మా అమ్మాయి ఏదో అనబోతే చెయ్యి నొక్కి ఆపింది.

తిరుగు రైల్లో నేను ఉండబట్టలేకపోయాను. "ఎవరి చెంబో చూసుకోలేదేమో నువ్వు," అన్నాను అమ్మతో.

"కళ్ళు లేవా నాకు? నా చెంబుకి సొట్టెక్కడుంది? పైగా నీ పెళ్ళాం చెప్పనే చెప్పిందిగా."

"మరి?"

"మరేమిటి మరి? అక్కడ అంత నీళ్ళు అలా లేచి పడుతుంటే, చెంబుడు నీళ్ళ దగ్గర ఏం చూస్తాంరా," అని కిటికీ వైపు తిరిగిపోయింది.

మరుసటి నెల అమ్మ పటమట వచ్చింది. వరండాలో కుర్చీలోనే కూర్చుంది. నా భార్య ఎప్పటిలాగే గ్లాసు తెచ్చి స్టూలు మీద పెట్టింది. అమ్మ సగం తాగి, "మందు వాసనే అమ్మాయ్, మీ బెజవాడ నీళ్ళు," అని మొహం చిట్లించింది. తరవాత సంచిలోంచి మరచెంబు తీసి నా భార్యకి ఇచ్చింది. అది ఖాళీగా ఉంది.

"దారిలోకి నింపు," అంది.