మోకాలి చిప్ప, మా బావ వైద్యం

మాదన్నపేట మార్కెట్లో నా మోకాలి చిప్ప పక్కకు జారినప్పుడు తోడున్నది మా అక్క భర్త. ఆయనకు రాని విద్య లేదు. అలాగని ఆయనే చెబుతాడు.

వెనక ఆటో హారన్ మోగితే, కూరగాయల సంచులతో గిరుక్కున తిరిగాను. ఒళ్లు తిరిగింది గానీ పాదం నేలకు అతుక్కునే ఉంది. మోకాల్లో కలుక్కుమంది, కూలబడ్డాను. చిప్ప ఉండాల్సిన చోట గుంట, బయటి పక్కన బుడిపె.

"ఏం కాలే, గ్యాస్ దిగింది" అన్నాడు బావ. చూశాక కాస్త తగ్గి, "బొక్కలు సరిజేసే పహిల్వాన్ దగ్గరికి పోదాం. గుంజి కట్టు కడ్తడు. అసలు నేనే గుంజుతుంటి" అంటూ చేతులు చాచాడు.

"ముట్టినవంటే మంచిగుండదు బావా."

కొట్టువాళ్లు ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారు. సీటు మీద కాలు మెల్లగా చాపుకుంటుంటే చిప్ప దానంతటదే చోటికి చేరింది.

"చూసినవా? నేనుంటే గిట్లనే ఉంటది" అన్నాడు బావ. అప్పుడు ఆయన చేతులు రెండూ ఫోన్ మీదున్నాయి.

సంతోష్‌నగర్‌లో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి విడమర్చి చెప్పింది. చిప్ప తొడ ఎముక చివరనున్న గాడిలో జారుతూ ఉంటుందట. నాకు ఆ గాడి పుట్టుకతోనే లోతు తక్కువ. ఆఫీసు కుర్చీలో కూర్చుని కూర్చుని తొడ కండరాలూ నీరసించాయి. ఇక మెలిపడటమే తరువాయి.

"ఎముక ముక్క విరిగిందేమో స్కాన్ చేద్దాం. కొన్నాళ్లు బెల్టు, తర్వాత కసరత్తు. మళ్లీ మళ్లీ జారితేనే ఆపరేషన్."

"మేక కాళ్ల పాయా తాపిస్తే?" అన్నాడు బావ.

"ఇష్టమైతే మీరు తాగండి" అంది ఆమె, తలెత్తకుండా.

స్కాన్‌లో ముక్కలేమీ లేవు. కాలు చాపి, తొడ బిగించి, ఎత్తి దించే కసరత్తు అంత విసుగు పని ఇంకోటి లేదు. పళ్లు కొరుక్కుంటూ చేశాను. మెట్లెక్కే ధైర్యం వచ్చేసరికి జల్‌పల్లిలో బంధువుల గృహప్రవేశం. అక్కడ బావ నడి బజారులో తన చేతులతో నా చిప్ప ఎలా కూర్చోబెట్టాడో కథ చెబుతున్నాడు. జనం నోళ్లు తెరుచుకుని వింటున్నారు. అంతలో ఓ అమ్మాయి మెట్ల మీద జారి మోకాలు పట్టుకుంది. అందరూ బావకు దారిచ్చారు. ఆయన చొక్కా చేతులు మడిచాడు.

నేను వెళ్లి ఆ పిల్ల ముందు కూర్చున్నాను. "ఈమెను దవాఖానకు తీస్కపోండి. బావా, నువ్వు పోయి అన్నం తిను."

బావ అలిగాడు. అలిగి కూడా, బగారన్నం రెండోసారి పెట్టించుకున్నాడు.